వేసిన బంతా, విసిరిన బంతా?

మన పత్రికల క్రీడాపుటల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తూ ఉంటుంది. "ఫలానా బౌలర్ విసిరిన బంతికి ఫలానా బ్యాట్స్‌మన్ క్లీన్‌బౌల్డ్ అయ్యాడు" అని. రాసినవారు మెచ్చుకోలుగానే రాస్తారు. కాని క్రికెట్ నిబంధనావళిని పక్కన పెట్టుకుని చదివితే ఆ వాక్యం బౌలర్ మీద అభియోగమే అవుతుంది. నిజంగా విసిరి ఉంటే అది నోబాల్. బ్యాట్స్‌మన్ బౌల్డ్ అయ్యే ప్రసక్తే లేదు. మైదానంలో ఆడే కుర్రవాళ్లు ఈ విషయంలో పత్రికలకంటే జాగ్రత్తగా మాట్లాడతారు. బౌలర్‌ని "బాల్ వెయ్యరా" అంటారు, బౌండరీ దగ్గరున్న ఫీల్డర్‌ని చూసి "విసురు, విసురు" అని అరుస్తారు. ఒకరి పని వెయ్యడం, మరొకరి పని విసరడం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గియ్యాలి, గీత దాటినవాణ్ణి ఎవరు పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చెయ్యాలి అన్న ప్రశ్నలు క్రికెట్ పెద్దలను నూట పాతికేళ్లకు పైగా వేధిస్తూనే ఉన్నాయి.

ముందు నిబంధన సంగతి చూద్దాం. మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ వారి నిబంధనావళిలో నోబాల్‌కు సంబంధించినది 21వ నిబంధన. దాని సారాంశం ఇది: తిరుగుతున్న చెయ్యి భుజం ఎత్తుకు వచ్చిన క్షణం మొదలు బంతి చేతిని విడిచే క్షణం వరకు, వంగి ఉన్న మోచేయి కొంతగాని పూర్తిగాగాని చాచుకోకూడదు. మణికట్టును ఎంతైనా తిప్పుకోవచ్చు. అంతే! చెయ్యి నిటారుగా ఉండాలని ఇందులో ఎక్కడా లేదు. ఇది చాలామందికి, రోజూ ఆడేవారికి కూడా, తెలియని సంగతి. మోచేయి వంగి ఉండడం తప్పు కాదు, వంగినది సాగడం తప్పు. మొదటి నుంచి చివరి వరకు ఒకే వంపుతో వేసేవాడు నిబంధన దృష్టిలో నిర్దోషి.

సాగితే ఏమిటట అని ఎవరైనా అడగవచ్చు. మామిడి చెట్టుకు రాయి విసిరేవాడి చెయ్యి చూడండి. మోచేయి వెనక్కి మడిచి, ఒక్కసారిగా చాచి వదులుతాడు. ఆ చాచడంలోనే ఉంది బలమంతా. పరుగెత్తుకుంటూ వచ్చే బౌలర్‌కు ఆ బలం కూడా తోడైతే బంతి వేగం అమాంతం పెరుగుతుంది. స్పిన్నర్‌కైతే అదే కదలిక బంతిని మరింతగా తిప్పే శక్తినిస్తుంది. అంతకంటే ముఖ్యం, బ్యాట్స్‌మన్ బౌలర్ చేతిని చూసే బంతి వేగాన్ని, అది పడబోయే చోటును అంచనా కట్టుకుంటాడు. చివరి క్షణంలో మోచేయి ఝాడిస్తే ఆ అంచనా తప్పుతుంది. తప్పితే వికెట్టే పోవచ్చు, తలా పగలవచ్చు.

ఇంతవరకు తగాదా లేదు. తగాదా అంతా కంటితో వస్తుంది.

హాస్టల్ గదిలో ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. కోతకొడవలి ఒకటి సంపాదించి, దీపానికీ గోడకూ మధ్య పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. గోడ మీద నీడ ఒక క్షణం బాగా వంగి కనిపిస్తుంది, ఇంకో క్షణం కర్రలా నిటారుగా కనిపిస్తుంది. కొడవలి సాగలేదు, మారింది మనం చూసే కోణం మాత్రమే. వంగిన మోచేయితో వేసే బౌలర్ భుజం తిరుగుతున్నప్పుడు అంపైర్ కంటికి జరిగేది సరిగ్గా ఇదే. చెయ్యి సాగకపోయినా సాగినట్టు కనిపించవచ్చు. స్క్వేర్‌లెగ్ నుంచి చూసేవాడికి ఒకటి, వికెట్ వెనక నుంచి చూసేవాడికి మరొకటి. పైగా చెయ్యి భుజం ఎత్తు నుంచి బంతి విడిచేదాకా పట్టే వ్యవధి దాదాపు సెకనులో పదోవంతు. ఆ పదోవంతులో కోణం మారిందా లేదా అని మనిషి కన్ను తేల్చి చెప్పాలి!

అయినా చాలా కాలం ఆ కన్నే పోలీసు, న్యాయమూర్తి, తలారి కూడా.

టెస్టు క్రికెట్‌లో త్రో చేసినందుకు నోబాల్ అనిపించుకున్న మొదటివాడు ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ఎర్నీ జోన్స్. 1898 జనవరిలో మెల్‌బోర్న్‌లో అంపైర్ జిమ్ ఫిలిప్స్ ఆ పని చేశాడు. ఆ ఫిలిప్సే 1901లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ మోల్డ్‌ను ఓల్డ్‌ట్రాఫర్డ్ మైదానంలో ఒకే మ్యాచిలో 16 సార్లు నోబాల్ చేశాడు. మోల్డ్ ఆట దాంతో ముగిసిందన్నమాటే. ఆ తరువాత ఈ గొడవ కొన్నాళ్లు సద్దుమణిగి, మళ్లీ 1950ల చివర, 60ల మొదట్లో భగ్గుమన్నది.

ఆ రోజుల్లో జరిగిన వాటిలో 1960 నాటి జెఫ్ గ్రిఫిన్ కథ చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. దక్షిణాఫ్రికా బౌలర్. 21 ఏళ్లవాడు. చిన్ననాటి ప్రమాదం వల్ల కుడిచెయ్యి పూర్తిగా చాచలేడు. లార్డ్స్ టెస్టులో స్మిత్, వాకర్, ట్రూమన్‌లను వరుస బంతుల్లో ఔట్ చేసి హాట్రిక్ సాధించాడు. లార్డ్స్‌లో టెస్టు హాట్రిక్ అదే మొదటిది, దక్షిణాఫ్రికాకూ అదే మొదటిది. అదే ఇన్నింగ్స్‌లో అంపైర్ ఫ్రాంక్ లీ అతన్ని త్రో చేశాడని 11 సార్లు నోబాల్ చేశాడు. టెస్టు త్వరగా ముగిసిపోవడంతో జనం కోసం ఒక ప్రదర్శన మ్యాచి పెట్టారు. అందులో గ్రిఫిన్ ఒక్క ఓవరు వేశాడు. రెండవ అంపైర్ సిడ్ బుల్లర్ అతన్ని మళ్లీ మళ్లీ నోబాల్ చేశాడు. దిక్కుతోచక, ఎలాగో ఓవరు పూర్తి చేద్దామని గ్రిఫిన్ చేతిని కింది నుంచి ఊపి అండరార్మ్ బంతి వేస్తే, పద్ధతి మారుస్తున్నట్టు బ్యాట్స్‌మన్‌కు ముందుగా చెప్పలేదని దానికీ నోబాల్ ఇచ్చారు! మిగిలిన పర్యటనంతా అతను బ్యాట్స్‌మన్‌గానే ఆడాడు. మరో టెస్టు ఆడలేదు.

మూడేళ్ల తరువాత ఇయాన్ మెకిఫ్ వంతు వచ్చింది. 1963 డిసెంబరు, బ్రిస్బేన్, దక్షిణాఫ్రికాతో టెస్టు. ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ మెకిఫ్ తన మొదటి ఓవరు వేస్తుండగా స్క్వేర్‌లెగ్ అంపైర్ కాల్ ఈగర్ నాలుగుసార్లు నోబాల్ అన్నాడు. కెప్టెన్ రిచీ బెనో ఆ ఓవరు తరువాత అతనికి బంతి ఇవ్వలేదు. ప్రేక్షకులు ఈగర్‌ను ఎగతాళి చేశారు, ఆట ముగిశాక మెకిఫ్‌ను భుజాల మీద మోశారు. ఏం లాభం? మ్యాచి అయ్యాక మెకిఫ్ క్రికెట్ నుంచే తప్పుకున్నాడు. ఒక ఓవరుతో ఒక జీవితం! ఈగర్ తన కంటికి కనిపించిందే చెప్పాడు. అందుకని అతన్ని తప్పుపట్టలేం. అయితే మెకిఫ్ చెయ్యి నిజంగా ఎన్ని డిగ్రీలు సాగిందో కొలిచిన వాడు లేడు, కొలిచే సాధనమూ ఆనాడు లేదు.

అలాగని అంపైర్లు కళ్లు మూసుకుని ఉండవలసిందనీ అనలేం. ఆ మధ్యకాలంలోనే మన జట్టుకు తగిలిన దెబ్బ మరిచిపోకూడదు. 1962 మార్చిలో బార్బడోస్ జట్టుతో ఆడుతూ భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ చార్లీ గ్రిఫిత్ బంతి తలకు తగిలి ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. రక్తం ఇచ్చినవారిలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ కూడా ఉన్నాడు. ఆ మ్యాచిలోనే అంపైర్ కార్టెజ్ జోర్డాన్ గ్రిఫిత్‌ను త్రో చేసినందుకు నోబాల్ చేశాడు. కాంట్రాక్టర్ బతికాడు కాని మరో టెస్టు ఆడలేదు. 21 ఏళ్ల పటౌడీ కెప్టెనయ్యాడు.

ఇక్కడ మన హైదరాబాదీ సయ్యద్ అబిద్ అలీ ప్రసక్తి తేవాలి. 1968 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ టెస్టులో అంపైర్ ఫ్రెడ్ గుడాల్ అబిద్ అలీని త్రో చేశాడని నోబాల్ చేశాడు. రికార్డు పుస్తకాల్లో గ్రిఫిన్, మెకిఫ్‌ల సరసన అతని పేరూ ఉంటుంది. కాని దాని వెనక ఇంకో కథ చెబుతారు. ఆ మ్యాచిలో న్యూజీలాండ్ ఫాస్ట్ బౌలర్ గ్యారీ బార్ట్‌లెట్ చెయ్యి అనుమానాస్పదంగా ఉన్నా అంపైర్లు పట్టించుకోవడం లేదని, అబిద్ అలీ నిరసనగా కావాలనే ఒక బంతి విసిరాడని. బార్ట్‌లెట్ రెండవ ఇన్నింగ్స్‌లో 38 పరుగులకు 6 వికెట్లు తీశాడు, న్యూజీలాండ్ భారత్ మీద తన మొట్టమొదటి టెస్టు విజయం సాధించింది. స్వదేశపు బౌలర్ మీద వేలెత్తడానికి ఏ దేశపు అంపైర్‌కైనా మొహమాటం ఉంటుంది. రెండు జట్లకూ చెందని అంపైర్లు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కంటిచూపు న్యాయంలో ఈ లోపం కూడా ఉంది.

ఈ పాత పద్ధతి పీకల మీదికి వచ్చింది ముత్తయ్య మురళీధరన్ విషయంలో. 1995 డిసెంబరు 26, మెల్‌బోర్న్. అంపైర్ డారెల్ హెయిర్ మూడు ఓవర్లలో ఏడుసార్లు నోబాల్ అన్నాడు. చిత్రమేమిటంటే కెప్టెన్ రణతుంగ అతన్ని రెండో చివరకు మారిస్తే, అక్కడి నుంచి ఓవరు తరువాత ఓవరు వేసినా ఎవరూ కిమ్మనలేదు. అదే చెయ్యి, అదే బౌలర్, అదే రోజు! కొద్దిరోజులకే బ్రిస్బేన్ వన్డేలో రాస్ ఎమర్సన్ నోబాల్ చేశాడు. 1999 జనవరిలో ఎడిలైడ్‌లో ఎమర్సన్ మళ్లీ ఆ పని చేసేసరికి రణతుంగ జట్టును వెంటబెట్టుకుని బౌండరీ దాకా నడిచాడు. ఆట ఆగింది. తరువాత సాగింది, శ్రీలంకే గెలిచింది.

మురళి మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. 1996లో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలోనూ హాంకాంగ్‌లోనూ అతని చేతిని పరీక్షించి, సాగినట్టు కనబడడం దృష్టిభ్రమ అని తేల్చారు. మన కొడవలి నీడే! 2004 జులైలో ఇంగ్లండ్‌లో మోచేయి కదలకుండా కట్టుపట్టీ బిగించుకుని టెలివిజన్ కెమెరాల ముందు తన బంతులన్నీ వేసి చూపించాడు. అయినా నమ్మనివాళ్లు నమ్మలేదు. నమ్మకంతో పని లేకుండా కొలతతో తేల్చవలసిన రోజు వచ్చింది. మైదానంలో మొదలైన తగాదా విశ్వవిద్యాలయ ప్రయోగశాల మెట్లెక్కింది.

అక్కడ కొలిచే తీరు చెబుతాను. బౌలర్ భుజం, మోచేయి, మణికట్టు మీద కాంతిని వెనక్కి తిప్పే చిన్న చిన్న గుండ్రని గుర్తులు అంటిస్తారు. చుట్టూ అనేక కెమెరాలు సెకనుకు రెండువందలకు పైగా చిత్రాలు తీస్తాయి. ఒక్క కెమెరా అయితే నీడనే చూస్తుంది. అనేక కోణాల చిత్రాలను కలిపి లెక్క వేస్తే చెయ్యి ఆ స్థలంలో నిజంగా ఎలా ఉందో తెలుస్తుంది. అప్పుడు భుజం ఎత్తు నుంచి బంతి విడిచేదాకా మోచేయి ఎన్ని డిగ్రీలు సాగిందో అంకెల్లో వస్తుంది.

అంకెలు వచ్చాక మరో చిక్కు బయటపడింది. అప్పటిదాకా అంతర్జాతీయ క్రికెట్ మండలి ఫాస్ట్ బౌలర్లకు 10, మీడియం పేసర్లకు 7.5, స్పిన్నర్లకు 5 డిగ్రీలు అని హద్దులు పెట్టుకుంది. 2004లో ఇంగ్లండ్‌లో జరిగిన ఛాంపియన్స్ ట్రోఫీలో బౌలర్లను వేగవంతమైన కెమెరాలతో పరిశీలిస్తే, ఎవరూ వేలెత్తి చూపని బౌలర్లతో సహా దాదాపు అందరి మోచేతులూ ఎంతోకొంత సాగుతున్నట్టు తేలింది. నిబంధనను అక్షరాలా అమలు చేస్తే బంతి వెయ్యడానికి మనిషే మిగలడు! మైకేల్ హోల్డింగ్, అరవింద డిసిల్వా వంటి మాజీ ఆటగాళ్ల సంఘం సలహాతో 2005 మార్చి 1 నుంచి బౌలర్లందరికీ ఒకే హద్దు పెట్టారు, 15 డిగ్రీలు. అంతకు మించితేనే అది కంటికి ఆనుతుందన్నది వారి వాదన. మోచేయి సహజంగా 180 డిగ్రీలు దాటి వెనక్కి వంగేవాళ్లకు ఆ వంపును లెక్కలోంచి తీసేస్తారు. షోయబ్ అఖ్తర్‌ను కాపాడింది ఇదే. మన బుమ్రా చేతిని చూసి పెదవి విరిచేవాళ్లు కూడా ఇది తెలుసుకుంటే మంచిది.

మురళి కోసమే హద్దు పెంచారన్న అపవాదు నేటికీ వినబడుతుంది. అతని 'దూస్రా' బంతి 2004లో 5 డిగ్రీల హద్దు దాటిన మాట నిజమే. కాని పాత హద్దు ఉంచితే ముందుగా బయటికి పోవలసినవాళ్లు ఇంకెందరో అన్నది కూడా అంతే నిజం. మురళి 2010 జులైలో గాలేలో తన 800వ టెస్టు వికెట్ తీసుకుని విరమించాడు. ఆ 800వ వికెట్ ఎవరో తెలుసా? హైదరాబాద్ రంజీ ఆటగాడు, ఎడమచేతి స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి.

ఈనాటి పద్ధతి ఇలా ఉంటుంది. అనుమానం వస్తే అంపైర్లు మ్యాచి తరువాత లిఖితపూర్వకంగా నివేదిక ఇస్తారు. అంతర్జాతీయ ఆటలో అయితే బౌలర్ 14 రోజుల్లో గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షకు వెళ్లాలి. ఫలితం వచ్చేదాకా బౌలింగ్ చెయ్యవచ్చు. 15 డిగ్రీలు దాటితే నిషేధం. చెయ్యి సరిదిద్దుకుని మళ్లీ పరీక్షకు వెళ్లి నెగ్గితే నిషేధం పోతుంది. రెండేళ్లలోపు రెండోసారి దొరికితే ఏడాదిపాటు బౌలింగ్ బంద్. 2015లో పాకిస్తాన్ ఆటగాడు హఫీజ్‌కు అదే జరిగింది. బ్రిస్బేన్, లఫ్‌బరో, ప్రిటోరియాలతోపాటు మన చెన్నై శ్రీ రామచంద్ర విశ్వవిద్యాలయంలో కూడా ఇటువంటి పరీక్షాకేంద్రం ఉంది.

2014లో ఈ యంత్రాంగం గట్టిగా కదిలింది. అప్పటి అగ్రశ్రేణి స్పిన్నర్ సయీద్ అజ్మల్ ఆ సెప్టెంబరులో నిషేధానికి గురయ్యాడు. చెయ్యి మార్చుకుని తిరిగి వచ్చాడు కాని ఆ పాత పదును కనబడలేదు. 2015 తరువాత పాకిస్తాన్‌కు ఆడనే లేదు. అదే నెలాఖరున మన ఉప్పల్ స్టేడియంలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచిలో కోల్‌కతా స్పిన్నర్ సునీల్ నరైన్ మీద నివేదిక వెళ్లింది. మూడు రోజులకు అక్కడే జరిగిన సెమీఫైనల్లో మళ్లీ వెళ్లింది. బెంగళూరు ఫైనల్‌కు అతను లేడు. నరైన్ పట్టుదల మెచ్చుకోదగ్గది. చేతిని విప్పి మళ్లీ కట్టుకున్నట్టుగా తన బౌలింగునే మార్చుకున్నాడు, పదేళ్ల తరువాత 2024 ఐపీఎల్లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు.

ఇప్పుడు ఓఝా సంగతి. 2013 నవంబరులో టెండూల్కర్ వీడ్కోలు టెస్టులో, ముంబైలో, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 10 వికెట్లు తీసిన బౌలర్ అతనే. దేశమంతా టెండూల్కర్ కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్న ఆ రోజు మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఎవరో చాలామందికి గుర్తుండకపోవచ్చు. 2014 డిసెంబరులో అతని బౌలింగు పరీక్షలో తప్పింది, దేశవాళీ ఆటలో బంతి పట్టకూడదన్నారు. కొద్దివారాల్లోనే సరిదిద్దుకుని 2015 జనవరి ఆఖరున నెగ్గాడు. మరో టెస్టు మాత్రం ఆడలేదు. జడేజా, అశ్విన్‌ల హవా నడుస్తున్న రోజులవి, కాబట్టి కారణం ఇదొక్కటే అనలేం. మచ్చ ఏమీ చెయ్యలేదనీ అనలేం. ఇక గుంటూరువాడు అంబటి రాయుడి కథ వేరు. 2019 జనవరిలో సిడ్నీ వన్డేలో ఏదో పార్ట్‌టైమ్‌గా రెండు ఓవర్లు వేశాడు, నివేదిక వెళ్లింది. 14 రోజుల్లో పరీక్షకు వెళ్లలేదు కాబట్టి పరీక్ష లేకుండానే అంతర్జాతీయ బౌలింగ్ నిషేధం పడింది. అతను ప్రధానంగా బ్యాట్స్‌మన్ కాబట్టి పెద్ద నష్టం లేకపోయింది.

గ్రిఫిన్, మెకిఫ్‌లకు దొరకనిది వీళ్లందరికీ దొరికింది. నిందను కొలిచి చూడడం, దిద్దుకునే వ్యవధి, తిరిగి వచ్చే దారి. అందుకే నా మటుకు నేను కొత్త పద్ధతినే సమర్థిస్తాను. కాని దాన్ని నెత్తిన పెట్టుకునే ముందు రెండు లోపాలు ఒప్పుకోవాలి. మొదటిది, నేరం మైదానంలో, విచారణ ప్రయోగశాలలో. పరీక్ష గదిలో బౌలర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తాడు. మ్యాచి చిత్రాలతో వేగాన్ని, తిప్పుడును పోల్చి చూస్తారు గాని, ఓడిపోతున్న మ్యాచి ఆఖరి ఓవర్లో అలసిన చెయ్యి ఏం చేస్తుందో గదిలో ఎలా తెలుస్తుంది? కొలిచే తీరుమీద పరిశోధకులే తగాదాపడ్డారు. ఏళ్లతరబడి ఈ పని చేసిన పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం 2014లో క్రికెట్ మండలికి దూరమైంది. రెండోది, నిషేధం వచ్చినా అంతకుముందు తీసిన వికెట్లు వికెట్లుగానే ఉంటాయి. ఔటైన బ్యాట్స్‌మన్‌కు ఎవరూ ఏమీ తిరిగి ఇవ్వరు.

మనకు నేరుగా సంబంధించిన సంగతి ఇంకొకటుంది. అంతర కళాశాలల పోటీలకు, రోహింటన్ బారియా ట్రోఫీ ఎంపికలకు ఆడే కుర్రవాడి చేతికి గుర్తులంటించి కొలిచే నాథుడు లేడు. 15 డిగ్రీలన్నది అంతర్జాతీయ మండలి హద్దేగాని నిబంధనావళిలో ఆ అంకె లేదు. అక్కడ ఉన్నది "కొంతగాని, పూర్తిగాగాని" అన్న మాటే. కాబట్టి మన మైదానంలో అంపైర్ ఇంకా జిమ్ ఫిలిప్స్ కాలంలోనే ఉన్నాడు. అనుమానం వస్తే నోబాల్ చెప్పి, బౌలర్‌ను హెచ్చరించి, కెప్టెన్‌కు తెలియజెయ్యాలి. అదే ఇన్నింగ్స్‌లో మళ్లీ జరిగితే ఆ ఇన్నింగ్స్‌కు అతని బౌలింగ్ ఆపించాలి. ఇది నిబంధన. ఆచరణలో జరిగేది వేరు. అంపైర్ మొహమాటపడి ఊరుకుంటాడు. ప్రత్యర్థి జట్టు మాత్రం టెంట్ కింద కూర్చుని "త్రో, త్రో" అని అరుస్తుంది. పాపం ఆ కుర్రవాడికి తప్పు ఉందో లేదో ఎవరూ చెప్పరు, పేరు మాత్రం పడిపోతుంది.

దీనికి విరుగుడు నెట్స్‌లో ఉంది, మ్యాచిలో కాదు. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఉన్న ఫోన్లు చాలావరకు నెమ్మది కదలిక చిత్రాలు తీస్తాయి. ఒక ఫోను స్క్వేర్‌లెగ్ వైపు నుంచి, మరొకటి బౌలర్ వెనక నుంచి, ఇంకొకటి ఎదుటి నుంచి పెట్టి ఒకే బంతిని తీసి పక్కపక్కన చూడాలి. ఒక కోణంలో సాగినట్టుండి మిగతా రెంటిలో లేకపోతే అది బహుశా కొడవలి నీడే. మూడింటిలోనూ మోచేయి విప్పుకుంటుంటే కోచ్ ఆ రోజే చెప్పాలి. ఇది తీర్పుకు పనికివచ్చే సాక్ష్యం కాదు, దిద్దుబాటుకు మాత్రం చాలు. మామూలు బంతులు బాగుండి, వేగం పెంచినప్పుడో దూస్రా ప్రయత్నించినప్పుడో మాత్రమే చెయ్యి సాగేవాళ్లు ఎక్కువ కాబట్టి, కొత్తబంతితో వేసే మొదటి ఓవరును, అలసిపోయాక వేసే పదో ఓవరును విడివిడిగా తియ్యాలి. పదహారు, పదిహేడేళ్ల వయసులో నెలరోజుల సాధనతో మారే అలవాటు, పాతికేళ్లకు రంజీ జట్టులో చేరాక మార్చుకోవాలంటే బౌలింగే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.